వల్కన్ వెనకవైపు మనం

నిన్న రాత్రి ఒక పుట్టినరోజు పార్టీ. బిర్యానీ ప్లేటు పట్టుకుని నిలబడి ఉంటే ఒకాయన అన్నాడు, "ఈ సిటీవాళ్ళు పనిచేయరు బ్రదర్, అందుకే ఆ ఊరు అలా తగలడింది" అని. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. నేనూ నోరు మూసుకుని గులాబ్ జామ్ తిని ఇంటికొచ్చేశాను. నిద్ర పట్టక ఇప్పుడు రాస్తున్నా. పొడుగైతే తిట్టుకోకండి.

ఊరు బర్మింగ్‌హామ్. ఇంగ్లండ్‌ది కాదు, అలబామాది. 1871లో పుట్టిన ఉక్కు ఊరు. ఇనుప ఖనిజం, బొగ్గు, సున్నపురాయి మూడూ పక్కపక్కనే దొరికాయి కాబట్టి ఇక్కడ వెలిసింది. మాది గాజువాక. ప్లాంటుకి తుమ్మొస్తే ఊరంతటికీ జ్వరమొచ్చే చోట పెరిగినవాణ్ణి కాబట్టి, మూతబడ్డ కొలిమిని మ్యూజియంగా చూపిస్తుంటే సెల్ఫీ తీసుకోబుద్ధి కాదు నాకు. 1960లో ఈ సిటీ జనాభా 3 లక్షల 40 వేలు. 2020 లెక్కల్లో 2 లక్షలు. మిగతావాళ్ళేమీ చచ్చిపోలేదు. చాలామంది కొండ దాటి హోమ్‌వుడ్, వెస్టేవియా, హూవర్ లాంటి చోట్లకి వెళ్ళి, విడిగా మునిసిపాలిటీలు, విడిగా స్కూళ్ళు పెట్టుకున్నారు. సిటీలో మిగిలినవాళ్ళలో పదికి దాదాపు ఏడుగురు నల్లవాళ్ళు.

ఆ కొండ మీద వల్కన్ విగ్రహం ఉంటుంది. 56 అడుగుల పోత ఇనుము, రోమన్ల కమ్మరి దేవుడు, మన విశ్వకర్మ లాంటివాడనుకోండి. ముందు తోలు ఏప్రన్ ఉంది, వెనక ఏమీ లేదు. మొహం సిటీ వైపు, బోసి పిర్రలు హోమ్‌వుడ్ వైపు. మా ఇల్లు హోమ్‌వుడ్‌లోనే.

సరే, "పనిచేయరు" అన్న మాటకొద్దాం. మా ఆఫీసు బిల్డింగులో క్లీనింగ్ చేసే ఒకావిడ ఉంది. పొద్దున ఇక్కడ, సాయంత్రం ఇంకోచోట. 2016లో ఆవిడకి గంటకి ఎనిమిది డాలర్లు. అలబామాకి సొంతంగా కనీస వేతన చట్టం లేదు. ఫెడరల్ రేటు 7.25 డాలర్లే దిక్కు, అదీ 2009 జూలై నుంచి కదల్లేదు. సిటీ కౌన్సిల్ ధైర్యం చేసి 10.10 డాలర్లు చేసింది. ఆవిడ ఒక రసీదు వెనక లెక్క వేసి నాకు చూపించింది. గంటకి రెండు డాలర్ల పది సెంట్లు ఎక్కువ, వారానికి నలభై గంటలు, కారు ఇన్సూరెన్సు పోను ఎంత మిగులుతుందో. ఆ రసీదు మీద సిరా ఆరకముందే, ఆ ఫిబ్రవరిలోనే, రాజధాని మాంట్‌గోమరీలో రాష్ట్ర శాసనసభ 'ఏ సిటీ కూడా సొంతంగా వేతనం పెంచకూడదు' అని చట్టం చేసేసింది. గవర్నరు అదే రోజు సంతకం పెట్టాడు. ఆ బిల్లు తెచ్చిందెవరనుకున్నారు? రాష్ట్రంలోనే డబ్బున్న సబర్బుల్లో ఒకటైన మౌంటెన్ బ్రూక్ ఎమ్మెల్యే. సిటీ ఓటర్లు ఎన్నుకున్న కౌన్సిల్ నిర్ణయాన్ని, సిటీలో ఓటే లేనివాళ్ళు కొట్టిపారేశారు. కోర్టుకెళ్తే 2019లో కేసు వేసే అర్హత మీదే తేలిపోయింది, అసలు విషయం దాకా రాలేదు.

ఇదెలా కుదురుతుందంటే, ఈ రాష్ట్ర రాజ్యాంగం మూలం 1901 నాటిది. తెల్లవాళ్ళ ఆధిపత్యం నిలబెట్టడానికే అది రాస్తున్నామని ఆ రాజ్యాంగ సభ అధ్యక్షుడు దాచకుండా చెప్పాడు. 2022లో జాత్యహంకార మాటలు తీసేశారు కానీ అధికారం మాత్రం మాంట్‌గోమరీలోనే ఉండిపోయింది. ఆస్తి పన్ను పెంచకుండా దాంట్లోనే కట్టుదిట్టాలున్నాయి. ఇక సిటీ ఎక్కువగా ఆధారపడే వాటిలో అమ్మకపు పన్ను ఒకటి, రాష్ట్రం, కౌంటీ వాటాలు కలిపి అది వందకి పది. తిండి సరుకుల మీదా పన్నే. రాష్ట్రం వాటా ఈమధ్యే 4 నుంచి 3కి, తర్వాత 2కి దిగింది. బియ్యం బస్తా మీద పన్ను కడుతూ సణుక్కునే మనవాళ్ళు, ఎకరం స్థలంలో ఇల్లున్నవాడికి ప్రాపర్టీ టాక్స్ ఎంతో ఎప్పుడైనా అడిగారా?

ఇక మురుగు కథ. దీని గురించి నేను పుస్తకం రాయగలను, రాయను, భయపడకండి. డ్రైనేజీ నీళ్ళు కహాబా నదిలో కలుస్తున్నాయని 1996లో కోర్టు ఒప్పందం కుదిరింది, బర్మింగ్‌హామ్ ఉన్న జెఫర్సన్ కౌంటీ (మన జిల్లా లాంటిది) పైపులు బాగుచేయాలి. అప్పు చేసింది. తర్వాత ఆ అప్పుని మారే వడ్డీలోకి మార్చి, దానిపైన స్వాప్‌లనే, బ్యాంకులతో వడ్డీలు మార్చుకునే బేరాలు కట్టారు. హోమ్ లోన్ ఫ్లోటింగ్‌లో తీసుకున్నవాళ్ళకి 2008 ఆర్థిక సంక్షోభంలో ఏమై ఉంటుందో చెప్పక్కర్లేదు. 2011 నవంబరులో కౌంటీ దివాలా తీసింది, 400 కోట్ల డాలర్ల పైచిలుకు అప్పుతో. అప్పటికి అమెరికాలో స్థానిక ప్రభుత్వాల్లో అదే అతి పెద్ద దివాలా.

లంచాలు తిన్నారా అంటే తిన్నారు. లాంగ్‌ఫర్డ్ అని, కౌంటీ కమిషన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు రోలెక్స్ వాచీలు, సూట్లు పుచ్చుకుని తర్వాత మేయరయ్యాడు, 15 ఏళ్ళ శిక్ష పడింది. పార్టీలో అందరికీ ఈ పేరు తెలుసు. ఆ స్వాప్ బేరాలు కట్టిన బ్యాంకు జేపీ మోర్గన్ పేరు మాత్రం ఒక్కరి నోటా రాలేదు. 2009లో మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీతో రాజీపడి, తప్పు ఒప్పుకోకుండానే 7.5 కోట్ల డాలర్లు కట్టి, కౌంటీ నుంచి రావాల్సిన 64.7 కోట్ల డాలర్ల ఫీజు వదులుకుని బయటపడింది. తిన్నవాడు ఊళ్ళో దొంగ, తినిపించిన బేరంలో లాభపడ్డవాడు బ్యాంకు!

తర్వాత వందల మంది కౌంటీ ఉద్యోగులని పంపేశారు. పేదలు వెళ్ళే కూపర్ గ్రీన్ ఆస్పత్రిలో 2012 చివరికల్లా ఇన్‌పేషెంట్ వార్డులు ఎత్తేశారు. దివాలా నుంచి బయటపడే ఒప్పందం ప్రకారం మురుగు చార్జీలు నాలుగేళ్ళపాటు ఏడాదికి 7.41 శాతం, ఆ తర్వాత ఏటా 3.49 శాతం పెరుగుతూ పోవాలి. ఆ క్లీనింగ్ ఆవిడ జీతానికి అలాంటి షెడ్యూలు ఎవరూ రాయలేదు.

2025లో నీళ్ళ బోర్డులో కూడా సిటీ మెజారిటీ పోయేలా రాష్ట్రం చట్టం మార్చింది. బోర్డు గొప్పగా నడిచిందని నేననను, బిల్లులు చూసినవాణ్ణే. కానీ "వాళ్ళకి చేతకాదు, మేం చూసుకుంటాం" అనే ఆ గొంతు నాకు పరిచయమే. మా విశాఖ కార్పొరేషన్‌కి 2012 నుంచి 2021 దాకా ఎన్నికైన కౌన్సిలే లేదు, స్పెషలాఫీసర్ల పాలన. అప్పుడూ ఊరు నడిచిందనే చెప్పేవాళ్ళు.

పార్టీలో ఆయన ఇదంతా వింటే ఒకటే అడుగుతాడు: "మరి నువ్వెందుకు సిటీలో ఇల్లు కొనలేదు?"

స్కూల్ రేటింగ్ చూసి కొన్నాను బ్రదర్, మీలాగే. స్కూల్ డిస్ట్రిక్టు గీత ఎక్కడ మారుతుందో మ్యాపు పెద్దది చేసి మరీ చూసుకున్నాను.