టాబ్లెట్లు: వాడే విధానం

క్లాసులో టాబ్లెట్ల వాడకం మీద టీచర్లందరికీ ఆన్‌లైన్ శిక్షణ అని సర్క్యులర్ వచ్చిన రోజు, దాన్ని వెంటనే అర్థం చేసుకున్నది మా ఆయమ్మ ఒక్కతే. "ఫిబ్రవరిలో ఇస్తిమి గదా మేడం, మళ్లా ఆగస్టులో గదా" అనింది. ఆమె లెక్కలో టాబ్లెట్ అంటే నులిపురుగుల మాత్ర. ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు, రెండేళ్లు దాటితే ఒకటి, ఏడాది నిండి ఆ లోపు ఉన్నవాళ్లకు సగం, బాగా నమిలి మింగాల, పైన నీళ్లు తాగాల. వాడే విధానం మొత్తం ఒక్క ఊపిరిలో చెప్పేసింది. ఆరు గంటల కోర్సు చూశాక కూడా నాకు అంత స్పష్టత రాలేదు.

మాది అనంతపురంలో ఒక ప్లేస్కూలు. పేరు చెప్పను, ఈ నెల జీతం పదో తారీఖుకైనా పడాలి కదా.

కోర్సు గొప్పతనం గురించి చెప్పాలి. అందులో వీడియోని ముందుకు జరపడానికి లేదు, వేగం పెంచడానికి లేదు, స్క్రీన్ ఆరిపోతే మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి మేమంతా పద్ధతిగా నేర్చుకున్నాం: సిగ్నల్ అందే కిటికీలో ఫోన్ నిలబెట్టి, సౌండ్ తీసేసి, ఉగ్గానికి బొరుగులు నానబెట్టుకుంటూ, మధ్యమధ్యలో తడిచేత్తో వచ్చి స్క్రీన్ మీద ఒక వేలు ఆనించి పోవడం. క్విజ్ సంగతి ఇంకా సులభం, సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపులో జవాబులు వచ్చేస్తాయి, అవి రాకపోయినా 'పైవన్నీ' అనేది ఎక్కడుంటే అది నొక్కితే చాలు, అమ్మవారి దయ. ఇలా మా బడిలో తొమ్మిది మంది టీచర్లు తొంభైకి పైగా మార్కులతో పాసయ్యారు. మూడో వీడియోలో ఏం చెప్పారని అడిగితే, చెప్పిన మేడం చీర రంగు మాత్రం అందరికీ గుర్తుంది.

దీనికి చదువుకున్నవాళ్లు ఒక పేరు పెట్టారు. చిన్న పిల్లలు ఎదురుగా ఉన్న మనిషి దగ్గర నేర్చుకున్నంతగా తెర మీద చూసి నేర్చుకోలేరని, అది 'వీడియో లోటు' అని 2005లోనే పరిశోధకులు రాశారు. మూడేళ్లు వచ్చేసరికి ఆ లోటు తగ్గుతూ వస్తుందట. నలభై రెండేళ్ల దానికి నాకెందుకు తగ్గలేదో మరి, నులిపురుగులేమో చూపించుకోవాలి.

సరే, శిక్షణ పూర్తయింది కాబట్టి ప్రయోగం. యాప్ తెరిచాం. తెర మీద ఇంగ్లీషు 'ఐ' అక్షరం, దాని పక్కన మంచుతో కట్టిన గుండ్రటి ఇల్లు, ఇగ్లూ. దేశంలో జైసల్మేర్ తర్వాత వాన తక్కువ మాదేనని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన ఊరు ఇది, ఏప్రిల్‌లో నలభై దాటుతుంది. ఒక పిల్లోడు బొమ్మను శ్రద్ధగా చూసి, "పుట్ట మేడం, సున్నం కొట్టినారు, లోపల పాముంటాది" అన్నాడు. నన్నడిగితే నూటికి నూరు వేస్తాను. ఆకారం చూశాడు, వాకిలి చూశాడు, లోపల ఎవరుంటారో ఊహించాడు, జాగ్రత్త కూడా చెప్పాడు. టాబ్ మాత్రం 'ట్ర్ర్' అని మొత్తుకుని ఎర్ర ఇంటూ పెట్టింది. వాడు దాని వంక చూసి నాతో మెల్లగా, "దీనికి తెలీదు మేడం" అన్నాడు.

వేళ్లకు పని నేర్పడానికి టాబ్ చాలా మంచిదని కూడా కోర్సులో ఉంది. నిజమే, ఒక వేలికి. పలక బలపం పట్టుకోవాలంటే బొటనవేలూ చూపుడువేలూ మధ్యవేలూ మూడూ కలిసి పని చేయాలి, దానికి మా ఊళ్లో చెనక్కాయలు ఒలిపించే విధానం ఒకటి ఉండేది, ఛార్జింగ్ అక్కర్లేదు, నేర్చుకున్న పాఠాన్ని తినేయొచ్చు కూడా. సర్టిఫికెట్ రాదు, అంతే దాని లోపం.

మా కరస్పాండెంట్ సార్ విషయంలో మాత్రం తప్పు పట్టను. ముప్పై నాలుగు మంది పిల్లలకు ఆరు టాబ్‌లు కొని, వాటి ఫోటో తీసి క్లాక్ టవర్ దగ్గర ఫ్లెక్సీ కట్టించి, ఆరింటినీ బీరువాలో పెట్టి తాళం జేబులో వేసుకున్నారు. పగిలితే మా జీతంలో కోత. అడ్మిషన్ల రోజుల్లో తల్లిదండ్రులు వచ్చినప్పుడు బయటికి తీస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రెండేళ్ల లోపు వాళ్లకు తెర అసలొద్దని, నాలుగేళ్ల వరకు రోజుకు గంట మించొద్దని, ఎంత తక్కువైతే అంత మేలని చెప్పింది. ఆ మాట మా ఊళ్లో తు.చ. తప్పకుండా పాటిస్తున్నది సార్ ఒక్కరే.

చివరి క్విజ్ ఆదివారం రాత్రి ఇంట్లో రాశాను. నా కూతురు, నాలుగేళ్లది, ఒళ్లోకి వచ్చి ఫోన్‌లోకి తొంగి చూసి అడిగింది: "అమ్మా, ఆ మేడం మనకు కనిపిస్తాంది గదా, మనం ఆమెకు కనిపిస్తామా?" "ఉండమ్మా, టైమైపోతాంది" అన్నాను. మళ్లీ అడిగింది. "పోయి నాయన దగ్గర కూర్చో, పో" అన్నాను. ఇరవయ్యో ప్రశ్న: పాప సందేహం అడిగినప్పుడు ఉపాధ్యాయురాలు ఏం చేయాలి? ఎ) ఓపికగా వినాలి, బి) ప్రశ్నను మెచ్చుకోవాలి, సి) పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడాలి, డి) పైవన్నీ.

డి నొక్కాను. పచ్చ టిక్కు వచ్చింది.