తమ గుర్రం పేరేమిటి?

మా అన్నయ్య కూతురి పెళ్లి బయోడేటా రాసే మహత్కార్యం మొన్న నా నెత్తిన పడింది. గోత్రం, నక్షత్రం, ఎత్తు, జీతం చకచకా సాగిపోయాయి. 'హాబీస్' దగ్గర బండి ఆగింది.

"ఏం రాయమంటావే అమ్మలూ?"

"పుస్తకాలు చదవడం, పాటలు వినడం అని పెట్టెయ్ బాబాయ్. అందరూ అదేగా పెడతారు!"

పెళ్లీడు కొచ్చినవాళ్లంతా ఇంతలా చదివేస్తుంటే, పుస్తకాలు అచ్చు వేయించుకున్నవాళ్లు అటకల మీద కట్టలు చూసుకుని ఎందుకు ఏడుస్తున్నారో నాకు అంతుబట్టలేదు. మాట పుట్టుపూర్వోత్తరాలు తెలియకుండా గడి నింపడం తప్పనిపించి నిఘంటువులు ముందేసుకున్నాను.

హాబీ అంటే గుర్రమట! మధ్యయుగాల ఇంగ్లీషులో పొట్టి గుర్రాన్ని అలా పిలిచేవారు. ఆనక ఇంగ్లండు పల్లెల మోరిస్ అనే జానపద నృత్యాల్లో నడుముకు తగిలించుకుని ఎగిరే బొమ్మగుర్రం, పిల్లలు కాళ్ల మధ్య ఇరికించుకుని పరిగెత్తే కర్రగుర్రం 'హాబీహార్స్' అయ్యాయి. ఎంత స్వారీ చేసినా ఏ ఊరూ చేర్చదు కనుక, పైసా రాలని ముచ్చట్లన్నిటికీ ఆ పేరే ఖాయమైంది. క్రమేణా గుర్రం జారిపోయి హాబీ మిగిలింది. జర్మన్ల 'ష్టెకెన్‌ఫేర్ట్' కూడా కర్రగుర్రమే. ఫ్రెంచి పసిపిల్లలు గుర్రాన్ని పిలిచే 'దాదా', పోలండువాళ్ల 'కోనిక్' అనే చిట్టిగుర్రం, అన్నీ ఇదే అర్థంలోకి దౌడు తీశాయి.

మన తిరునాళ్లలోనూ కీలుగుర్రాలు ఎగిరాయి. అయినా మనం మోసపోలేదు. ఎక్కడికీ పోని గుర్రానికి దాణా దండగ అనుకునే జాతి మనది.

మన మాటల్లో నిజాయితీ చూడండి. కాలక్షేపం! క్షేపించడమంటే విసిరెయ్యడం. కాలాన్ని విసిరి పారేస్తున్నామని ఒప్పేసుకున్నాం. పైగా ఆ మాటతోనే హరిదాసు పుణ్యం పంచుతాడు, రైల్లో కుర్రాడు బఠాణీలు అమ్ముతాడు. హిందీ, ఉర్దూల్లో మర్యాదగా అభిరుచి అనిపించుకునే అరబ్బీ 'శౌక్' మన గడప తొక్కగానే షోకయింది. సెంటు పూసుకుంది, నల్లకళ్లద్దాలు పెట్టింది. వ్యసనాల సంగతికొస్తే పెద్దలు ఏడు లెక్కగట్టారు. వేట, జూదం, తాగుడుతో పాటు పరుషంగా మాట్లాడడం కూడా ఉంది అందులో. అదిప్పుడు సెల్‌ఫోన్లో ఉచితం.

నాకు మాత్రం 'వ్యాపకం' మీదే గురి. వ్యాపించేది వ్యాపకం. మా బావగారి పాత రేడియోలు ఒక అలమరలో మొదలై, మంచం కిందకి పాకి, పోయిన సంక్రాంతికి పూజగదిలో అడుగుపెట్టాయి. దేవుణ్ణి ఓ పక్కకి జరగమని బతిమాలుకుంటోంది మా అక్క.

ఇంత పరిశోధన వృథా పోకూడదు కదా. 'హాబీస్' కొట్టేసి 'గుర్రం' అని రాశాను. ఎదురుగా, పిల్ల ఒప్పుకున్న పచ్చి నిజం: 'ఆదివారం మధ్యాహ్నం నిద్ర'.

మర్నాడే అబ్బాయి తండ్రి ఫోను. గొంతులో మునుపెన్నడూ లేని వినయం.

"బావగారూ, ఆ గుర్రం లాంఛనాల్లో కలిసే వస్తుందాండీ? లేక విడిగా మాట్లాడుకోవాలా?"