రోజు విడిచి రోజు ఢీకొట్టే నక్షత్రం గారికి

నక్షత్రం గారూ, నమస్కారం.

మా వీధిలో కొళాయి రోజు విడిచి రోజు వస్తుంది. అంటే, రావాలి. బుధవారం తెల్లవారుజామున నాలుగింటికే లేచి బిందెలు వరసగా పెట్టుకుని కూర్చున్నాను. కొళాయి రెండుసార్లు గుర్రుమని గాలి వదిలి, ఒక చుక్క రాల్చి ఊరుకుంది. తోచక ఫోన్ తెరిస్తే మీ సంగతి కనబడింది. 21 కోట్ల కాంతి సంవత్సరాల దూరం నుంచి దాదాపు 48 గంటలకోసారి ఎక్స్-కిరణాలు పంపిస్తున్నారట! కొన్ని గంటలు అటూ ఇటూ అవుతుందట గానీ, అదీ ఒక ఆలస్యమేనా? ఇక్కడ డైనోసార్లు తిరిగే రోజుల్లో బయల్దేరిన వెలుగు ఇప్పటికీ వేళకి చేరుతోంది.

మీ పొరుగింటి కబురు తెలిసి బాధపడ్డాను. ఇంకో నక్షత్రం మీరు చుట్టూ తిరిగే ఆ రాక్షస బ్లాక్ హోల్‌కి మరీ దగ్గరగా వెళ్లి ముక్కలైపోయింది. ఆ మంట మాకు 2019లో కనబడింది కాబట్టి దానికి ఏటీ2019క్యూఐజెడ్ అని పేరు పెట్టారు. (మావాళ్లకి పేర్లు పెట్టడం రాదు, ఏమీ అనుకోకండి.) ఆ శిథిలాలు బ్లాక్ హోల్ చుట్టూ పళ్లెంలా పరుచుకుంటూ మీ దారిలోకి వచ్చేశాయి. నడిరోడ్డు మీద ఎవరో ఇసుక పోసినట్టు. మేమైతే పక్కసందులోంచి పోతాం. మీరు దాంట్లోంచే దూసుకుపోతారు. ఆ దెబ్బకి వాయువు లక్షల డిగ్రీలకు కాగి, బుడగలా ఎగిసి, ఎక్స్-కిరణాల్లో వెలిగి కొన్ని గంటల్లో చల్లారిపోతుంది.

మీరసలు నక్షత్రమే కాదు, ఓ చిన్న బ్లాక్ హోల్ అయినా అయ్యుండొచ్చంటున్నారు. పనయితే చాలు, గుర్తింపు కార్డు మేం అడగం.

మీ తరహావారే జీఎస్‌ఎన్ 069 అనే ఇంకో గెలాక్సీలో ఒకరున్నారు. 2018 డిసెంబరులో మాకు దొరికారు. తొమ్మిది గంటలకోసారి వెలిగేవారు. 2020లో చెప్పాపెట్టకుండా ఆగిపోయి, 2022లో మళ్లీ మొదలుపెట్టారు. ఆయన మా కొళాయికి దగ్గరి చుట్టమై ఉండాలి.

ఎక్స్-కిరణాలు మా గాలిపొర దాటి కిందకి రావు కాబట్టి మిమ్మల్ని చూడాలంటే పైకి వెళ్లాల్సిందే. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి ఎగిరిన మన అంతరిక్ష టెలిస్కోపు ఆస్ట్రోశాట్ కూడా, నాసావారి ఎక్స్-కిరణాల టెలిస్కోపులు చంద్రా, నైసర్‌లతో పాటు మీ మీద ఓ కన్నేసింది. మా పైపులో ఏముందో చూడ్డానికి మాత్రం ఇంతవరకూ ఎవరూ రాలేదు.

ఆరున్నరకి నీళ్లు వదిలే అతను సైకిల్ మీద అటుగా పోతుంటే ఆపి, మీ గురించంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"ఆ నక్షత్రానికి మోటర్ కాలిపోలేదు కదండీ" అన్నాడు.

ఇట్లు,
నాలుగు ఖాళీ బిందెలతో,
మూడో ఇంటివారు