పాట పాతబడకుండా మన వంతు కృషి

కవి, గాయకుడు గోరటి వెంకన్నకు అభిమానులు తక్కువని ఎవరన్నా అంటే పాలమూరు ఊరుకోదు. గౌరారంలో పుట్టిన మనిషి, 2020లో గవర్నర్ కోటాలో శాసనమండలికి కూడా వెళ్లారు. అది సర్కారు చేసిన గౌరవం. జనం చేస్తున్న సేవ సంగతి ఎవరూ రాయడం లేదు కాబట్టి నేను రాయక తప్పడం లేదు.

‘పల్లె కన్నీరు పెడుతుందో’ పాట 2002లో ‘కుబుసం’ సినిమాతో ఇంటింటికీ చేరింది. కుమ్మరి, కమ్మరి, సాలె ఒక్కొక్కరే చితికిపోతున్నారని అందులో గోస. ఆ పాట విని మనం బుద్ధి తెచ్చుకుని ఆ వృత్తులను నిలబెట్టి ఉంటే ఏమయ్యేది? పల్లె ఏడుపు ఆపేసేది. పాటకు పని లేకుండా పోయేది. ఇంత గొప్ప కవిని చేజేతులా పాతకాలం కవిని చేసేవాళ్లం. ఆ పాపం మనకెందుకని ఇంట్లో ప్లాస్టిక్ బిందెలు పెట్టుకున్నాం. పెళ్లిలో పెట్టే ఐరేని కుండలకు మాత్రం డీజేతో కుమ్మరి ఇంటికి పోయి ఫొటోలు దిగుతున్నాం. సంప్రదాయం కూడా ముఖ్యమే కదా.

ఎండిన వాగు మీద ఆయన కట్టిన పాటనైతే మా దుందుభి వాగు ఒడ్డు వాళ్లు మరీ సొంతం చేసుకున్నారు. చీకటి పడ్డాక ఇసుకకు పోయే ట్రాక్టర్లో మోగేది అదే. డ్రైవరు గొంతు కలుపుతాడు, పారలు పట్టినవాళ్లు కోరస్ అందుకుంటారు, ఒకరిద్దరికి కళ్లలో నీళ్లు కూడా తిరుగుతాయి. వాగులో మిగిలిన తడి అంతే కాబట్టి దాన్ని చిన్నచూపు చూడొద్దు. ఇసుక అక్కడే ఉంటే వాగు బతికేది, కవి మాట అబద్ధమయ్యేది. మధ్యలో కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లొచ్చి చెరువులు నిండుతుంటే అభిమానులకు కొంత టెన్షన్ పట్టుకున్న మాట నిజమే. చెరువు నీళ్లు నిలవాల్సిన శిఖం భూముల్లో హద్దు కడీలు పాతి, ప్లాట్లు చేసి ఆ గండం కూడా దాటారు.

శ్రీశైలం రోడ్డు పక్కన వెంచరు ప్రారంభమంటే కళాబృందం ఉండాల్సిందే. పల్లె పాట ఎత్తుకోగానే పట్నం నుంచి వచ్చిన కస్టమర్ల గుండె కరుగుతుంది. కళ్లు తుడుచుకున్న చేత్తోనే అడ్వాన్స్ చెక్కు మీద సంతకం పెడతారు. దీన్ని చూసి కొందరు నవ్వుతారు గానీ నాకు నవ్వు రాదు. డబ్బు పెట్టి పల్లెను కొనేవాడికి ఆ మాత్రం ఏడ్చే హక్కు లేదా?

ఇక గల్లీ మీద, అందులోని గరీబుల మీద రాసిన పాటకు సరుకు తగ్గకుండా చూస్తున్నది బతుకుదెరువుకు పట్నం పోయిన మా పాలమూరు లేబరు. వాళ్లలో ఒక్కరినైనా సన్మాన సభలో స్టేజీ ఎక్కించలేదు. అన్యాయం.

సన్మానం అంటే గుర్తొచ్చింది. గద్వాల, నారాయణపేట, పోచంపల్లి మగ్గాలు మన చుట్టే ఉన్నా సభల్లో కవి భుజాల మీద కప్పేది మెషీన్ శాలువానే. నిర్వాహకులను పిసినారులని తిట్టకండి. సాలెల గోస పాడిన మనిషికి మగ్గం మీద నేసిన బట్ట కప్పితే పాటను కాదన్నట్టే గదా! శాలువాల తర్వాత లీడర్లు ఒకరి వెంట ఒకరు కవిత్వం గొప్పతనం చెప్తారు. అందరి మాటలూ అయ్యేసరికి భోజనాల వేళవుతుంది. ‘అన్నా, రెండు చరణాలు చాలు, టైం లేదు’ అని కార్యకర్త చెవిలో చెప్తాడు. ఆయన చిందేస్తూ పాట ఎత్తుకునేసరికి ముందు వరుస కార్లెక్కుతుంది.

ఇంత చేసినా ఒక పని బాకీ ఉంది. 2021కి సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చిన ఆయన పుస్తకం ‘వల్లంకి తాళం’. వల్లంకి అంటే పిట్ట. పిట్టల విషయంలో మనం కాస్త వెనకబడ్డామని ఒప్పుకోవాలి. మా చెరువు కట్ట మీద ఇంకా నాలుగు పెద్ద చెట్లు, వాటి మీద గూళ్లు ఉన్నాయి. వచ్చే సన్మాన సభకు స్టేజీ అక్కడే వేద్దామని కమిటీ వాళ్లు టేపు పట్టుకుని కొలుస్తున్నారు.