కెమెరా కుదరక హంపి వాయిదా

దువ్వెన మరిచిపోయి ప్రయాణం చేసేవాళ్లను చూశాను. టికెట్టు మరిచిపోయి రైలెక్కినవాళ్లనూ చూశాను. వాళ్లను క్షమించవచ్చు. తగిన కెమెరా ఎంచుకోకుండా ఊరు కదిలేవాళ్లను మాత్రం బాధ్యత గల పౌరుల కింద లెక్కించలేను. హైదరాబాద్ నుంచి హంపి నాలుగు వందల కిలోమీటర్లు కూడా లేదు. రాత్రి బస్సెక్కితే తెల్లవారేసరికి హొసపేటలో దిగవచ్చు. ఆ ప్రయాణాన్ని నేను 2012లో మొదలుపెట్టాను. ఇంకా మా వీధి మలుపు దాటలేదు. దీనికి బద్ధకం కారణమని మా ఇంట్లో ఒక వర్గం ప్రచారం చేస్తోంది. కారణం బద్ధకం కాదు, పరిశోధన.

2012లో సోనీ ఆర్‌ఎక్స్100 అనే కెమెరా వచ్చింది. చూడటానికి సబ్బుపెట్టె. బరువు 240 గ్రాములు, అంటే మా వీధికి వచ్చే కూరగాయల బండి తూకంలో సరిగ్గా పావుకిలో. అంత చిన్న పెట్టెలో అంగుళం సెన్సర్, అంటే వెలుతురును బొమ్మగా మార్చే పలక, పట్టించడం అప్పట్లో ఘనకార్యం. కొనేద్దామని చెప్పులు వేసుకున్నాక తెలిసింది, దాని తెర కదలదని. హంపి రాతిరథాన్ని నేల మట్టం నుంచి తీయాలంటే బోర్లా పడుకోవాలి. నా పొట్టకు అది మర్యాద కాదు. ఆగాను.

2013లో రెండోది వచ్చింది. తెర కదిలింది. కానీ హంపి అంటేనే ఎండ, ఎండలో తెర కనబడదు. కంటికి ఆనించుకుని చూసే వ్యూఫైండర్ కావాలంటే విడిగా కొని కెమెరా నెత్తిన తగిలించుకోవాలి. ఆగాను. 2014లో మూడోది వచ్చింది. వ్యూఫైండర్ లోపలి నుంచే పైకి లేచింది. అయితే అంతకు ముందు 100 మిల్లీమీటర్ల దాకా సాగిన లెన్స్ 70 దగ్గరే నిలిచిపోయింది. ఈ అంకె ఎంత పెరిగితే దూరపుది అంత దగ్గరగా కనబడుతుంది. అబ్బాయికి ఉద్యోగం వచ్చింది కానీ జుట్టు పోయిందని మధ్యవర్తి చెప్పినట్టుంది. అలాంటి సంబంధాన్ని ఖాయం చేసుకోలేం, వదులుకోనూ లేం. ఒక ఏడాది చూద్దామన్నాను.

2015లో నాలుగోది, 4కె వీడియోతో. జరిగేదాన్ని నలభై రెట్లు నెమ్మదిగా చూపించగలదు. నెమ్మది అనే గుణం నా స్వభావానికి నచ్చింది కానీ, ధర మా ఆవిడ స్వభావానికి నచ్చలేదు. 2016లో ఐదోది సెకనుకు 24 ఫోటోలు తీసింది. రాతిరథం అయిదు వందల ఏళ్లుగా ఉన్న చోటు నుంచి కదలలేదు. నిజమే. ఒకవేళ నేను వెళ్లిన రోజున కదిలితే? ఆ ఒక్క సెకనుకు 24 ఫోటోలు చాలుతాయా అన్నది తేల్చుకోవడానికి ఒక ఏడాది పట్టింది. 2017లో ఏదీ రాలేదు. అదే అనుమానాస్పదంగా తోచి ఆగాను. 2018లో ఆరోదానికి లెన్స్ 200 దాకా పెరిగింది, వెలుతురు పట్టే నోరు మాత్రం చిన్నదైంది. 2019లో ఏడోదానికి మైకు తగిలించుకునే రంధ్రం వచ్చింది. రాతిరథం ఏమీ మాట్లాడదని తెలిసినా, ఇక అన్నీ కుదిరాయని ఒప్పుకున్నాను. సెలవు పెట్టాను. బస్సు టికెట్లు తీశాను. 2020 మార్చి నెలాఖరుకు.

ఆ మార్చి నెలాఖరున దేశమంతా ఏం జరిగిందో మీకు తెలుసు. తొందరపడి నిర్ణయం తీసుకుంటే ఇలాగే ఉంటుంది.

ఇంతకూ ఆ అంగుళం సంగతి చెప్పాలి. అంగుళమంటే 25.4 మిల్లీమీటర్లని మా లెక్కల మాస్టారు బెత్తంతో నేర్పారు. అంగుళం సెన్సర్ పొడవు 13.2 మిల్లీమీటర్లు, వెడల్పు 8.8. ఈ మూల నుంచి ఆ మూలకు కొలిచినా 16 దాటదు. మిగతా అంగుళం ఎక్కడికి పోయిందని నేను మూడు రాత్రులు వెతికాను. పాత టీవీ కెమెరాల్లో బొమ్మను పట్టుకునే గాజు గొట్టం ఉండేదట. ఆ గొట్టం బయటి వ్యాసం అంగుళం. లోపల బొమ్మకు పనికొచ్చే మేర అందులో సుమారు మూడింట రెండు వంతులు. గొట్టాలు పోయి ఎన్నాళ్లో అయింది, కొలత మాత్రం మిగిలిపోయింది. ఇది అర్థం కావడానికి జపాన్ దాకా వెళ్లక్కర్లేదు. హైదరాబాద్‌లో ఫ్లాటు కొన్న ఎవరిని అడిగినా చెబుతారు, దీని పేరు సూపర్ బిల్టప్ ఏరియా. మెట్లు, లిఫ్టు, వాచ్‌మన్ గది, ఆ పక్క తులసికోట అన్నీ కలిపి మన లెక్కలో వేస్తారు. తలుపు తీసి లోపలికి వెళితే మంచం వేసిన గదిలో బీరువా పట్టదు.

అయినా అంగుళంవాళ్లది ధనికుల బాధ. చౌక కాంపాక్టుల్లో ఉండేది 1/2.3 అంగుళాల సెన్సర్. భిన్నంలో హారానికి దశాంశం పెట్టిన ఈ సంఖ్యను మా మాస్టారు చూసి ఉంటే బెత్తం విరిగేది. కొలిస్తే సుమారు 6.2 మిల్లీమీటర్లకు 4.6. కందిపప్పు బద్దంత. ఆ బద్ద మీద 20 మెగాపిక్సెళ్లు, అంటే వెలుతురు పట్టే చుక్కలు రెండు కోట్ల మంది కూర్చుంటారు. సంక్రాంతి ముందు రోజు విజయవాడ వెళ్లే జనరల్ బోగీ గుర్తు తెచ్చుకోండి. పగటిపూట, కిటికీలు తెరిచి ఉన్నంతసేపు ఎవరి చోటులో వారు సర్దుకుంటారు. చీకటి పడగానే తోపులాట మొదలవుతుంది. ఫోటోలో ఆ తోపులాటకు నాయిస్ అని పేరు. బొర్రా గుహల్లో తీసిన ఫోటోల్లో రాతి మీద ఇసక చల్లినట్టుంటే అది ప్రకృతి వింత కాదు, బోగీలో గొడవ.

ఈ విజ్ఞానమంతా మూటగట్టుకుని కోఠీలో ఒక పాత కెమెరా దుకాణానికి వెళ్లాను. యజమానికి డెబ్బై దాటి ఉంటాయి. ఒకప్పుడు ఫిలిం రోళ్లు వచ్చిన నల్ల డబ్బాల్లో ఇప్పుడు బుల్లి మరమేకులు పోసి, ఒక్కో డబ్బాకు ఒక్కో కాగితం ముక్క అంటించుకున్నారు. ప్రయాణాలకని ప్రత్యేకంగా చేసిన ముప్పై ఎక్స్ జూమ్ కెమెరా ఒకటి తీసి అద్దం మీద పెట్టారు.

“ముప్పై ఎక్స్ అంటే ముప్పై రెట్లు దగ్గరగా కనబడుతుందా?” అని, తెలిసీ పరీక్షించాను.

“కాదు సార్. ఈ చివర 24, ఆ చివర 720. దాన్ని దీనితో భాగిస్తే ముప్పై. అంతే.”

“విరూపాక్ష గోపురం మీద బొమ్మల కళ్లు కనబడతాయా?”

“కనబడతాయి సార్, మీరు ఊపిరి బిగబడితే.”

మీట నొక్కాను. గొట్టంలోంచి గొట్టం, అందులోంచి ఇంకో గొట్టం, తాబేలు మెడలా బయటికి వచ్చింది. రోడ్డుకు అవతల ఇడ్లీ బండి, బండి మీద ప్లేటు, ప్లేటులో చట్నీ, చట్నీలో ఆవాలు కనిపించాయి. కాకపోతే నా నాడి కొట్టుకున్నప్పుడల్లా ఇడ్లీ బండికి భూకంపం వస్తోంది. ఆ చివర దాకా సాగదీసేసరికి లోపలికి వచ్చే వెలుతురు సన్నగిల్లిపోతుందని, అప్పుడు చెయ్యి వణికితే ఫోటో కూడా వణుకుతుందని ఆయన ఓపికగా చెప్పారు.

“ఎక్కడికి సార్ ప్రయాణం?”

“హంపి.”

“ఎప్పుడు?”

“అది కెమెరాను బట్టి ఉంటుంది.”

ఆయన నా ముఖంలోకి ఒక క్షణం చూశారు. “మీరు ఇంతకు ముందు కూడా వచ్చారు కదా సార్? అప్పుడు కూడా హంపే అన్నారు.” కాదనలేదు. ఆయన కెమెరాను పెట్టెలో పెట్టి, మూత మీది ప్లాస్టిక్ పొరను బొటనవేలితో మళ్లీ నిమిరి అంటించారు. కొనేవాడి ముందు ఏ దుకాణదారూ అంత శ్రద్ధగా పెట్టె మూయడు.

పోనీ, అమెరికా దారి ఉంది కదా అంటారు. మా బావమరిది డాలస్ నుంచి వచ్చే ముందు ప్రతిసారీ ఫోన్ చేసి “బావగారూ, ఏ కెమెరా తెమ్మంటారు?” అని అడుగుతాడు. వారంటీ అక్కడ, పాడయ్యేది ఇక్కడ. ఈ ధర్మసందేహం తేలేలోగా అతని విమానం శంషాబాద్‌లో దిగుతుంది. ఇప్పటివరకు మొత్తం పదకొండు కిలోల బాదంపప్పు తెచ్చాడు. బాదంపప్పుకు వారంటీ అక్కర్లేదు.

అసలు జూమే లేని వైరాగ్య మార్గం కూడా ఒకటుంది. రికో జీఆర్ కెమెరాలో 28 మిల్లీమీటర్ల దగ్గర లెన్స్ బిగించేశారు. దగ్గరగా కావాలంటే మనమే నడిచి వెళ్లాలి. నడవాలంటే ముందు బయల్దేరాలి. అక్కడే దాన్ని తోసిపుచ్చాను. 2024లో వచ్చిన ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100వీఐ మాత్రం నాకు ఎంతో నచ్చింది. అడిగినవాళ్లకు అది చాలాకాలం దొరకలేదు. దొరకని కెమెరా గురించి నిర్ణయం తీసుకోనక్కర్లేదు. ఇంతకంటే సుఖమైన కెమెరాను నేను చూడలేదు.

జేబు మాట కూడా అనుకోవాలి. కాంపాక్టు అంటే జేబులో పట్టేది అని నిర్వచనం. ఎవరి జేబులో అన్నది ఏ కంపెనీ రాయదు. నా వయసు తెలుగు పురుషుడికి జేబంటే చొక్కా జేబు. అందులో ఇప్పటికే ఫోను, కళ్లజోడు, పెన్ను, మందుల చీటీ కాపురం చేస్తున్నాయి. వాటి మీద పావుకిలో కెమెరా పెట్టుకుని గుడి ముందు చెప్పులు విప్పడానికి వంగి చూడండి. ముందుగా ఏది నేల మీద పడుతుందో నేను ఇంట్లో సబ్బుపెట్టెతో ప్రయోగం చేసి తేల్చాను. సబ్బుపెట్టే. ప్యాంటు జేబులో పెడితే బస్సులో కూర్చోవడం కుదరదు. నడుముకు సంచీ కట్టుకుంటే నన్ను కండక్టర్ అనుకుని ఒకాయన చిల్లర అడిగారు. చీరకు జేబు లేదు కనుక మా ఆవిడ ఈ చర్చలో పాల్గొనే అర్హత కోల్పోయిందని నేను భావిస్తూ వచ్చాను. తిరుమల ఆలయంలోకి మాత్రం కెమెరానూ ఫోనునూ కూడా రానివ్వరు. ఆ మెట్టు దగ్గర అందరి సెన్సరూ ఒకటే.

ఆరో నిజాం ఆస్థానంలో ఫోటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ కాలంలో గాజు పలకలు, మూడు కాళ్ల స్టాండు, మనిషి తల దూరేంత నల్లగుడ్డ ఉండేవి. జేబు ప్రసక్తే లేదు. నిరుటి మోడల్‌కూ ఈ ఏటి మోడల్‌కూ తేడా చదవడానికి రాత్రుళ్లు మేల్కొనే అవసరం కూడా ఉండి ఉండదు. అందుకే కాబోలు ఆయన ఫోటోలు తీయగలిగారు.

ఇక ఫోను చాలదా అనేవాళ్లు. 2010లో జపాన్ కెమెరా కంపెనీలు 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు దుకాణాలకు పంపాయి. ఆ తర్వాత పదేళ్లలో ఫోన్లు ఆ వ్యాపారాన్ని, ముఖ్యంగా కాంపాక్టులను, పుట్టి ముంచాయి. ముంచినంత మాత్రాన ముంచినది గొప్పదైపోదు. ఫోనులో వేళ్లతో లాగే జూమ్ చాలాసార్లు ఉన్న బొమ్మనే కోసి సాగదీయడం. ఉల్లిపాయను పెద్దగా కోసినంత మాత్రాన పెద్ద ఉల్లిపాయ అవుతుందా? ఈ ఉపమానాన్ని మా ఇంట్లో నాలుగుసార్లు చెప్పాను. నాలుగోసారి చెప్పేసరికి మా ఆవిడ సంచీ సర్దుకుని, తన చెల్లెళ్లతో కలిసి ఫోను పట్టుకుని హంపి వెళ్లి వచ్చింది. అది 2016. నేను ఐదో మోడల్ మీద ఉన్నాను.

అయినా చలించని నన్ను కదిలించింది మా తమ్ముడి కూతురు. ఇంజినీరింగ్ చదువుతోంది. కిందటి దసరాకు వచ్చి, “పెదనాన్నా, మీ బీరువాలో ఒక పాత కెమెరా ఉండాలి, ఇస్తారా?” అంది. ఉంది. 2007లో కొన్నది, 7 మెగాపిక్సెళ్లది. కొత్తది కొనేవరకు అని పక్కన పెట్టింది. దాని లోపాలన్నీ నిజాయితీగా వివరించాను. సెన్సర్ కందిపప్పంత. ఫ్లాష్ కొడితే ముఖం సున్నం, కళ్లు ఎర్రగా, వెనక అంతా తారు. చీకట్లో అన్నీ మసక.

“ఆ మసకే కావాలి పెదనాన్నా. ఇప్పుడు అందరం వీటి కోసమే వెతుకుతున్నాం.”

ఇంతకాలం నేను తప్పించుకు తిరిగిన మసకను ఈ పిల్ల కోరి అడుగుతోంది. కెమెరాను అటూ ఇటూ తిప్పి ఒకే ఒక్క ప్రశ్న వేసింది, “పెన్సిల్ సెల్లులున్నాయా?” అని. గోడ గడియారంలోంచి ఒకటి, టీవీ రిమోట్‌లోంచి ఒకటి తీసుకుని వెళ్లిపోయింది. మర్నాటికి లంబసింగి మంచులో ఉంది. పదమూడేళ్ల పరిశోధన ఉన్న ఇంట్లో, ఒక కెమెరా ఎంపిక నాలుగు నిమిషాల్లో ముగిసిపోయింది. గడియారం పదీ ఇరవై దగ్గర ఆగిపోయింది కనుక సమయం కచ్చితంగా చెప్పగలుగుతున్నాను.

డిసెంబరులో మా ఆవిడ రెండోసారి హంపి వెళ్లింది. ఈసారి నేనూ నా వంతు సాయం చేశాను. తూర్పు వెలుతురు ఎన్నింటికి పడుతుందో, రథానికి ఎన్ని అడుగుల దూరంలో నిలబడాలో ఒక కాగితం మీద రాసిచ్చాను. ఆ కాగితంలో చెగోడీలు పొట్లం కట్టుకుందని తర్వాత తెలిసింది.

తిరిగి వచ్చాక ఫోను నా చేతికిచ్చింది. రాతిరథం ముందు నిలబడి తీయించుకున్న ఫోటో. వేళ్లతో పెద్దది చేసి, చక్రాల నీడల్లో నాయిస్ ఉందని ముందుగా తేల్చాను. ఆకాశం వెలిసిపోయిందన్నాను. ఆమె పప్పులో తాలింపు వేస్తూ వింది.

“ఎడమవైపు రథం, మధ్యలో నువ్వు. ఇంతవరకు పరవాలేదు. కుడివైపు ఇంత చోటు అనవసరంగా ఖాళీగా వదిలేశారెందుకు?”

“అది మీ చోటండీ” అంది.

మళ్లీ ఒకసారి చూశాను. కొలిస్తే ఆ ఖాళీ సరిగ్గా మూడో వంతు ఉంది. ఫోటో కూర్పు నియమాల ప్రకారం దానికి వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.