పంతులమ్మ ఫోను ఎవరి సొత్తు?

ఉదయం తొమ్మిది గంటలు కాకముందే బడి ఆవరణలో నిలబడి, ముఖానికి ఎదురుగా ఫోను పట్టుకుని, సిగ్నల్ కోసం అటూ ఇటూ తిరిగే ఉపాధ్యాయురాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు ఎవరికీ వింతగా కనిపించడం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టులో మొదలైన ముఖ గుర్తింపు హాజరు 2025 ఆగస్టు నుంచి తెలంగాణ ఉపాధ్యాయులకూ వచ్చింది. నిమిషం ఆలస్యమైతే సెలవు కింద లెక్కిస్తామన్న మాటపై అప్పట్లో రేగిన దుమారం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. దుమారం అణగిపోయింది గానీ, అసలు ప్రశ్నకు మాత్రం నేటికీ ఏ ప్రభుత్వమూ జవాబు చెప్పలేదు. ఆ ఫోను ఆమెది. ఆమె జీతంతో కొనుక్కున్నది, నెలనెలా ఆమే రీచార్జి చేయించుకుంటున్నది. దాన్ని ప్రభుత్వ కార్యాలయంగా మార్చే అధికారం విద్యాశాఖకు ఎవరిచ్చారు?

ఉపాధ్యాయులు వేళకు బడికి రావాలన్న విషయంలో రెండో మాట లేదు. రాని వారు ఉన్నారన్నదీ నిజమే కనుక హాజరుపై పర్యవేక్షణ కావాలనడాన్ని తప్పుపట్టలేం. అయితే పర్యవేక్షణ ప్రభుత్వ బాధ్యత అయినప్పుడు అందుకు కావలసిన పరికరమూ ప్రభుత్వానిదే కావాలి. ఆర్టీసీ కండక్టరును టికెట్ల యంత్రం కొనుక్కుని డ్యూటీకి రమ్మనడం లేదు. రేషన్ డీలరుకు ఈ-పోస్ యంత్రాన్ని ప్రభుత్వమే సమకూర్చింది. బడికి వచ్చేసరికి మాత్రం ఆ నియమం ఎందుకు మారిపోయింది?

మారిపోయిన తీరును గుర్తు చేసుకోవాలి. 2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు పిల్లల చదువు ఆగిపోకూడదని ఉపాధ్యాయులు తమ ఫోన్లనే నల్లబల్లలుగా చేసుకున్నారు. దూరదర్శన్‌లోనూ తెలంగాణ విద్యా చానల్ టీశాట్‌లోనూ వచ్చే పాఠాలను పిల్లలు చూశారో లేదో కనుక్కునేందుకు ఇంటింటికీ ఫోన్లు చేశారు, వాట్సాప్ గ్రూపులు పెట్టి అభ్యాసాలు పంపారు. వారిని ఆ పనికి పురికొల్పింది పిల్లలపై మమకారమే. ఆ ఆపద్ధర్మాన్ని ప్రభుత్వాలు నిత్యధర్మం చేసేశాయి. కష్టకాలంలో ఉపాధ్యాయులు ఇష్టపూర్వకంగా చేసిన సాయం ఇప్పుడు చేయకపోతే షోకాజ్ నోటీసు వచ్చే విధిగా మారింది.

హాజరుతోనే సరిపోయి ఉంటే ఇంత రాయవలసిన పని లేకపోయేది. మధ్యాహ్న భోజనం వడ్డిస్తుండగా ఫోటో, ఎందరు తిన్నారో లెక్క, పాఠ్యపుస్తకాలు అందినట్లు నమోదు, ఆధార్‌లో ఒక పేరు బడి రికార్డులో మరో పేరు ఉన్న పిల్లవాడి వివరాల సవరణ, అన్నీ ఆ ఫోనులోంచే జరగాలి. ఆంధ్రప్రదేశ్‌లో గతంలో మరుగుదొడ్ల ఫోటోలు కూడా ఉపాధ్యాయుల చేతే తీయించారు. కూతురి పుట్టినరోజు ఫోటోల పక్కనే బడి మరుగుదొడ్ల ఫోటోలు ఉన్న ఫోనుతో ఒక ఉపాధ్యాయురాలు సాయంత్రం ఇంటికి చేరేదంటే, ఆమె ఇల్లూ ఉద్యోగమూ ఎంతగా కలిసిపోయాయో విద్యాశాఖ ఉన్నతాధికారులు ఒక్కసారైనా ఆలోచించారా? యాప్‌ల భారంపై గోడు విని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాటిని ‘లీప్’ పేరిట ఒక్కచోటికి చేర్చిన మాట వాస్తవమే, అది మంచి పనే. తలుపులు తగ్గాయి గానీ, ఆమె ఇంట్లోకి రావడం మాత్రం ప్రభుత్వం మానలేదు.

ఇక రాత్రి వేళ వచ్చే సందేశాల సంగతి. జిల్లా విద్యాధికారి (డీఈవో) కార్యాలయం నుంచి మండల విద్యాధికారికి (ఎంఈవో), అక్కడి నుంచి ప్రధానోపాధ్యాయుల (హెచ్‌ఎం) గ్రూపుకు, అక్కడి నుంచి ఉపాధ్యాయుల గ్రూపుకు ‘అత్యవసరం, రేపు ఉదయం పది గంటల లోపు’ అంటూ ఒక పట్టిక దిగివస్తుంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే, పక్కన సొంత బిడ్డ హోంవర్క్ పట్టుకుని ఎదురుచూస్తుంటే, ఆమె నలభై మంది పిల్లల వివరాలు నింపుతూ కూర్చుంటుంది. విద్యాహక్కు చట్టం ఉపాధ్యాయులకు వారానికి కనీసం 45 పనిగంటలు నిర్ణయించింది; రేపటి పాఠానికి సిద్ధమయ్యే సమయాన్ని కూడా అందులోనే కలిపింది. ఈ సందేశాలు మింగేస్తున్నది ఆ సమయాన్నే. రాత్రి పట్టికలు నింపిన పంతులమ్మ పొద్దున భిన్నాల పాఠం ఎలా చెప్పాలో ఆలోచించుకోకుండానే తరగతిలో అడుగు పెడితే, నష్టపోయేది ముందు బెంచీలోని పిల్లవాడే. ఏకోపాధ్యాయ పాఠశాలల్లో ఈ నష్టం మరీ ఎక్కువ. సర్వర్ మొరాయించినంతసేపూ అక్కడ ఐదు తరగతులకూ పాఠం ఉండదు.

అదే చట్టంలోని 27వ సెక్షన్ జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప మరే విద్యేతర పనికీ ఉపాధ్యాయులను వాడుకోరాదని స్పష్టంగా చెబుతోంది. మరుగుదొడ్ల ఫోటోలు తీయడం బోధన అని ఏ అధికారి అయినా సంతకం పెట్టి చెప్పగలరా?

ఈ వ్యవహారంలోని ద్వంద్వ నీతి అంతకన్నా బాధాకరం. తరగతి గదుల్లో ఫోన్లు ఏకాగ్రతను చెడగొడుతున్నాయని యునెస్కో 2023 నివేదిక హెచ్చరించగానే, ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ అదే ఏడాది ఆగస్టులో బడుల్లోకి పిల్లలు ఫోన్లు తేరాదని, ఉపాధ్యాయులు తరగతికి వెళ్లే ముందు తమ ఫోన్లను హెచ్‌ఎంకు అప్పగించాలని ఆదేశించింది. తొమ్మిదింటికి ఫోను లేకపోతే హాజరు లేదు, తరగతిలో ఫోను ఉంటే తప్పు, భోజన వేళకు మళ్లీ ఫోను తప్పనిసరి. తన ఫోనును ఎప్పుడు తీయాలో ఎప్పుడు దాచాలో కూడా నిర్ణయించుకునే హక్కు దాన్ని కొన్న మనిషికి లేకుండా పోయింది.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తేల్చి చెప్పింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం మాత్రం ఉద్యోగ అవసరాల పేరిట సమ్మతి లేకుండానే వివరాలు వాడుకునే వెసులుబాటును యజమానికి ఇచ్చింది. ముఖం, ఉన్న చోటు, కెమెరా మూడింటినీ ఒక యాప్‌కు అప్పగించిన ఉపాధ్యాయురాలికి ఆ వివరాలు ఎక్కడ, ఎన్నేళ్లు ఉంటాయో చెప్పినవారు లేరు. కేంద్రం నడిపే ‘దీక్ష’ ఆన్‌లైన్ చదువుల వేదికకు చెందిన లక్షల మంది ఉపాధ్యాయుల పేర్లు, ఫోన్ నంబర్లు రక్షణ లేని సర్వర్‌లో పడి ఉన్నాయని 2023లోనే బయటపడింది కనుక, ఇది ఊహించుకున్న భయం కాదు.

మా ఆందోళన ఉపాధ్యాయులతో ఆగేదీ కాదు. సొంత ఫోను ప్రభుత్వ పనికి హాజరు కావాల్సిందేనన్న ఆనవాయితీ ఒకసారి స్థిరపడితే ఆశా కార్యకర్తకూ, పంచాయతీ కార్యదర్శికీ, ప్రైవేటు బడిలో చాలీచాలని జీతానికి పనిచేసే టీచరుకూ అదే నియమం వర్తిస్తుంది. సంఘాల అండ ఉన్న ప్రభుత్వ ఉపాధ్యాయులే అడ్డుకోలేకపోయిన దాన్ని వారెలా అడ్డుకోగలరు? పనివేళల తర్వాత వచ్చే ఫోన్లకు స్పందించకుండా ఉండే హక్కును ఫ్రాన్స్ 2017 నుంచి, ఆస్ట్రేలియా 2024 ఆగస్టు నుంచి అమలు చేస్తున్నాయి. మన ఉపాధ్యాయురాలికి ఆదివారం కూడా దక్కడం లేదు.

డబ్బు లేదన్న సాకు చెల్లదు. ఎనిమిదో తరగతి పిల్లలకూ వారి ఉపాధ్యాయులకూ ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లను 2022 డిసెంబరులో పంచిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. వాటిలో పాఠాలు నింపిన బైజూస్ సంస్థ 2024 జూలైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. అంత ఖర్చు చేయగలిగిన వారికి హాజరు కోసం, నమోదుల కోసం బడికొక పరికరం, దానికొక సిమ్ కార్డు ఇవ్వడం అసాధ్యమా?

రెండు రాష్ట్రాల విద్యాశాఖలూ వెంటనే బడికొక పరికరాన్ని ఇవ్వాలి. అది వచ్చేదాకా సొంత ఫోను వాడనందుకు ఏ ఉపాధ్యాయుడిపైనా చర్య తీసుకోకూడదు. సాయంత్రం బడి గంట కొట్టిన తర్వాత వివరాలు కోరుతూ ఏ కార్యాలయమూ సందేశం పంపరాదని లిఖితపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి. ఈ చివరి దానికి రూపాయి ఖర్చు లేదు, టెండర్ అక్కర్లేదు, ఒక్క సంతకం చాలు. రాత్రి పది గంటలకు పట్టికలు అడగడానికి తీరిక దొరుకుతున్న అధికారులకు ఇన్నేళ్లుగా ఆ సంతకానికి తీరిక ఎందుకు దొరకలేదో ఉపాధ్యాయులకు సంజాయిషీ చెప్పాలి.