సవరణ: గ్లెన్ ఫిర్యాదును కొట్టేయలేదు

2023 జనవరి 22న డబ్లిన్ క్రోక్ పార్క్‌లో జరిగిన ఆల్ ఐర్లాండ్ క్లబ్ గేలిక్ ఫుట్‌బాల్ (జట్టుకు 15 మంది ఆడే ఐరిష్ ఆట) ఫైనల్ గురించి నిన్న రాశాను. ఆఖరి క్షణాల్లో డబ్లిన్ క్లబ్ కిల్మకడ్ క్రోక్స్ తరఫున 15 మందికి మించి మైదానంలో ఉన్నారని, దానిపై డెర్రీ క్లబ్ గ్లెన్ ఇచ్చిన ఫిర్యాదును ఈ ఆటను నడిపే గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ కొట్టేసిందని అందులో ఉంది. ఫిర్యాదు కొట్టేశారన్న మాట తప్పు. మ్యాచ్ మళ్లీ జరగలేదు కాబట్టి అలా అనుకుని, సరిచూడకుండా రాసేశాను.

అప్పటి ఐరిష్ పత్రికల వార్తల ప్రకారం, అసోసియేషన్ పోటీల కమిటీ మళ్లీ ఆడాలనే ఆదేశించింది. కిల్మకడ్ అప్పీలుకు వెళ్లింది. ఆ తర్వాత గ్లెన్ తనంతట తానే ఈ వివాదం నుంచి తప్పుకుంది. అందుకే కిల్మకడ్ గెలిచిన పాత ఫలితమే నిలిచింది. కాబట్టి గ్లెన్ వాదనలో బలం లేదన్న నా వ్యాఖ్యనూ వెనక్కి తీసుకుంటున్నాను. ఆ క్లబ్‌కు అది అన్యాయం.

స్కోరు గురించి కూడా కొందరు అడిగారు. కిల్మకడ్ 1-11, గ్లెన్ 1-9 అంటే ముందున్నది గోల్, దానికి 3 పాయింట్లు; తర్వాతిది విడి పాయింట్లు. అంటే 14-12, తేడా రెండే పాయింట్లు. అంత దగ్గరి మ్యాచ్‌లో గోల్ దగ్గర అదనంగా ఒక్క మనిషి ఉన్నా చిన్న విషయం కాదు.

మరుసటి ఏడాది ఫైనల్లో సెయింట్ బ్రిజిడ్స్‌ను ఓడించి గ్లెన్ కప్పు గెలుచుకుంది.